మూలాపేట వీడియో గేమ్ నుంచి ఫ్లాట్ బుష్ దాకా

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసిమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను శాతవాహనుల గురించో శ్రీకృష్ణదేవరాయల గురించో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. నాకూ మొదట అదే ఆలోచన. కానీ గత చలికాలం బడి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటన నా ఆలోచన మార్చింది. రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. మన ఇళ్లలో టీవీ ముందు జరిగిన చరిత్ర మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?

మా పన్నెండేళ్ల అబ్బాయి పుట్టినరోజు డబ్బులు దాచుకుని, నింటెండో వారి పాత ఆట యంత్రం ఒకటి కొంటానన్నాడు. నలభై ఏళ్ల నాటి జపాన్ పెట్టె. ఎవరో దాన్ని విప్పి, లోపల కొన్ని భాగాలు మార్చి, ఇప్పటి టీవీలకు పనిచేసేలా తయారు చేశారు. "విప్పి అతుకులు వేసిన సామానుకు అంత డబ్బా? ఎవరో కెలికిన సరుకు మనకెందుకు?" అని కసిరాను. ఆ రాత్రి నెల్లూరులో ఉన్న మా అన్నయ్యకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట వచ్చింది. అన్నయ్య నవ్వి, "ఒరేయ్ చిన్నోడా, నీ ఇంజనీరింగు ఫీజు కట్టింది అట్టాంటి సరుకే గదరా!" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసమే నా జవాబు అనుకోండి.

జపాన్ పెట్టె, తైవాన్ చిప్పు

నింటెండో కంపెనీ 1983 జూలై 15న జపానులో 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. ముద్దుపేరు ఫ్యామికామ్. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా గారు 2021లో కన్నుమూశారు. 1985లో అదే యంత్రం రూపం మార్చుకుని ఎన్.ఇ.ఎస్. పేరుతో అమెరికాలో అడుగుపెట్టింది. అమెరికా యంత్రంలో ఒక తాళం చిప్పు పెట్టారు. కంపెనీ అనుమతి లేని క్యాసెట్ పెడితే ఆట మొదలు కాదు. జపాన్ పెట్టెలో ఆ తాళం లేదు. అందుకే ప్రపంచమంతటా నకలుదారులు జపాన్ పెట్టెనే పట్టుకున్నారు. తైవానులో యు.ఎం.సి. వంటి కంపెనీలు దాని చిప్పులకు సాటి చిప్పులు తయారు చేశాయి. వాటితో కట్టిన పెట్టెలు రష్యాలో డెండీ, పోలండులో పెగాసస్ అనే పేర్లతో ఇంటింటికీ చేరాయి. మన దేశంలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో వచ్చాయి. మనకు మాత్రం అన్నిటికీ ఒకటే పేరు: వీడియో గేమ్.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. జపాన్ టీవీలో చిత్రం సెకనుకు 60 సార్లు మారుతుంది. మన దేశంలోనూ న్యూజీలాండులోనూ పాల్ పద్ధతి కనుక 50 సార్లే. నకలు యంత్రాల్లోని చిప్పులను పాల్ టీవీలకు తగినట్టు మార్చారు. అంటే మన ఇళ్లకు వచ్చినది పుట్టుకతోనే మార్పు చేసిన యంత్రం. ఆట లెక్క అంతా చిత్రాల సంఖ్య మీద నడుస్తుంది కాబట్టి 1985 నాటి మేరియో మన ఇళ్లలో ఆరో వంతు నెమ్మదిగా పరుగెత్తాడు. అతని పాటా నెమ్మదించింది. మనకది తెలియదు. మేరియో నడకే అంత అనుకున్నాం.

బర్మా బజారు దారి

ఒరిజినల్ కొనకుండా మనవాళ్లు నకలు ఎందుకు కొన్నారు? ఒరిజినల్ మన అందుబాటులో లేదు గనుక. 1991లో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టేదాకా విదేశీ సామాను మీద ఆంక్షలు ఎక్కువ. ఆ తర్వాత కూడా సుంకాలు తగ్గడానికి చాలా ఏళ్లు పట్టింది. 1995లో సెగా వారి మెగా డ్రైవ్ యంత్రాన్ని షా వాలెస్ కంపెనీ మన దేశంలో అమ్మకానికి పెడితే ధర 18,000 రూపాయలు. బడిపంతులైన మా నాన్నగారికి అది నాలుగైదు నెలల జీతం.

నెల్లూరు వాళ్లకు మద్రాసు పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రాగల దూరం. అక్కడ బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజారు ఉంది. 1960లలో బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాల బతుకుతెరువు కోసం ఏర్పడిన అంగళ్లవి. బర్మాతో మన తెలుగువారి బంధం తెలిసినదే. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కారణంగా అక్కడ మనవాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడింది. విదేశీ టేప్ రికార్డర్, గడియారం, సెంటు సీసా ఏది కావాలన్నా ఆ బజారులో దొరికేది. మా అన్నయ్య 1993లో పన్నెండు వందల రూపాయలు జేబులో పెట్టుకుని వెళ్లి వీడియో గేమ్ పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక తుపాకీ, రెండు క్యాసెట్లు తెచ్చాడు. ఒక క్యాసెట్ మీద '9999999 ఆటలు' అని ఉంది. పెట్టి చూస్తే ఉన్నవి పిడికెడు ఆటలే. వాటినే వేరువేరు మెట్ల నుంచి మొదలయ్యేలా పేర్లు మార్చి లెక్క పెంచారు.

మూలాపేటలోని మా ఇంటి ముందు గదిలో అన్నయ్య దుకాణం తెరిచాడు. గంటకు ఐదు రూపాయలు, అరగంటకు మూడు. ఇంట్లో ఉన్న హైదరాబాద్ ఇ.సి. టీవీ బ్లాక్ అండ్ వైట్‌ది. కలర్ టీవీ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. పలక మీద వరుస నంబర్లు, బల్ల మీద అలారం గడియారం, గుమ్మంలో పిల్లల చెప్పులు. 'కాంట్రా' ఆటలో ముప్ఫై ప్రాణాలు వచ్చే మీటల వరుసను పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పేవారు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. కోనామి కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన 1986లో 'గ్రాడియస్' ఆట కోసం పెట్టిన వరుస అది. ఆయన పేరు మాకెవ్వరికీ తెలియదు. ఆయన పెట్టిన వరుస తెలియని పిల్లవాడు మా వీధిలో లేడు.

నిజానికి అన్నయ్య కూడా మార్పులు చేసేవాడే. యాంటెన్నా తీగ ద్వారా బొమ్మ సరిగ్గా రాకపోతే పెట్టె విప్పి చిత్రానికీ శబ్దానికీ వేరే తీగలు టంకం వేసేవాడు. మీట కింది రబ్బరు అరిగిపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం ముక్క అంటించేవాడు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి ఈ విద్య నేర్పిన గురువు లేడు. కాల్చుకున్న వేళ్లే గురువులు.

నాన్నగారికి ఇదంతా నామర్దాగా ఉండేది. తాను పాఠం చెప్పిన పిల్లలే సాయంత్రం తన ఇంటి ముందు గదిలో బాతులను కాలుస్తుంటే, ఆయన పక్క సందులోంచి ఇంట్లోకి వచ్చేవారు. 1996లో నాకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. కట్టవలసిన డబ్బులో సగానికి పైగా అన్నయ్య డబ్బాలోంచి వచ్చింది. ఐదు రూపాయల నోట్లు కట్టలు కట్టి అమ్మ చేతిలో పెట్టాడు. ఎక్కడిదని నాన్నగారు అడగలేదు. అడగకపోవడమే ఆయన ఒప్పుకోవడం.

నేనైతే అంత దూరమూ రాలేదు. ఇన్నేళ్లుగా ఇక్కడి మిత్రులెవరైనా "మీ అన్నయ్య ఏం చేస్తారండీ?" అని అడిగితే "ఎలక్ట్రానిక్స్ వ్యాపారం" అని చెబుతూ వచ్చాను. ఈ సంచిక ద్వారా ఆ మాట సరిదిద్దుకుంటున్నాను.

ఈ దేశంలోనూ అదే కథ

మనం స్థిరపడిన ఈ దేశపు కథ కూడా దాదాపు ఇదే అని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. న్యూజీలాండులో 1938 నుంచి 1980ల దాకా దిగుమతులకు లైసెన్సు విధానం ఉండేది. బయటి సామాను తేవడం కష్టం కనుక, బొమ్మల ఆటల పెద్ద యంత్రాలను ఇక్కడే పెట్టెలు కట్టి, బోర్డులు అమర్చి తయారు చేసేవారు. వాటిలో నకళ్లూ ఉండేవి. ఇక్కడివారు ఆ యంత్రాలను ముద్దుగా 'స్పేసీస్' అంటారు. నాతో పనిచేసిన ఒక కివీ పెద్దాయన, చేపల వేపుళ్ల దుకాణంలో ఇరవై సెంట్ల నాణెం పట్టుకుని వంతు కోసం నిలబడిన రోజులను చెబుతుంటే నాకు మా గుమ్మంలోని చెప్పులు కళ్లకు కట్టాయి. 1983 నుంచి గ్రాండ్‌స్టాండ్ కంపెనీ ఇక్కడ అమ్మిన సెగా ఎస్.సి.-3000 మీద చాలామంది పిల్లలు సొంతంగా ఆటలు రాయడం నేర్చుకున్నారు. ఆనాటి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఇళ్లలో జనం సొంతంగా చేసుకున్న ఆటల మీద మెలనీ స్వాల్‌వెల్ అనే పరిశోధకురాలు 2021లో ఒక పుస్తకమే వెలువరించారు.

కాబట్టి నాకు తోచినది ఇది. దేశాలు తలుపులు మూసుకున్నప్పుడల్లా జనం కిటికీ వెతుక్కున్నారు. నెల్లూరులోనైనా ఆక్లండులోనైనా టంకం కడ్డీ పట్టుకున్న చెయ్యే ఆ కిటికీ తెరిచింది.

కొనదలచినవారికి

ఇప్పుడు ఆ పాత యంత్రాలకు మార్పులు ఎందుకు చేస్తున్నారు? మొదటి కారణం టీవీ. న్యూజీలాండులో పాత పద్ధతి ప్రసారాలు 2013 డిసెంబరు 1తో పూర్తిగా ఆగిపోయాయి. గాజుగొట్టం టీవీలు చెత్తకుప్పల పాలయ్యాయి. జపాన్ ఫ్యామికామ్ అయితే వారి ఛానెళ్లలోనే బొమ్మ పంపుతుంది కనుక తీగలు మార్చకపోతే ఇక్కడ ఏ టీవీలోనూ తిన్నగా కనిపించదు. రెండవది వయసు. కెపాసిటర్లు పాడవుతాయి. ఆటను గుర్తుపెట్టుకునే క్యాసెట్లలోని బ్యాటరీలు అయిపోతాయి. మూడవది తాళం. ఎన్.ఇ.ఎస్.లోని తాళం చిప్పు నాలుగో కాలును విడదీస్తే అది అడ్డుపడటం మానేస్తుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. న్యూజీలాండులో 2008 నాటి కాపీరైట్ సవరణ, ఒక దేశంలో కొన్న అసలు ప్రతి మరో దేశంలో ఆడకుండా చేసే ప్రాంతీయ తాళాన్ని రక్షిత తాళాల నిర్వచనం నుంచి మినహాయించింది. ఫ్యామికామ్ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. ఆటల మీద కాపీరైటు మాత్రం ఇంకా ఉంది. వందల ఆటలు నింపిన కార్డుతో సహా అమ్మజూపితే అది మన బర్మా బజారు క్యాసెట్ లాంటిదేనని తెలుసుకుని మరీ నిర్ణయించుకోండి. మనకప్పుడు వేరే దారి లేదు. మన పిల్లలకు ఉంది. మేము అసలు క్యాసెట్లే కొంటున్నాం.

కొనేముందు లోపలి టంకం పని ఫొటోలు అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు అడాప్టర్ సంగతి చూసుకోండి. జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, మన ఇళ్లలో 230. ఫ్యామికామ్‌కు 10 వోల్టుల డి.సి. కావాలి, అదీ నడిమి పిన్ను నెగటివ్‌గా. అమెరికా ఎన్.ఇ.ఎస్. అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏ.సి. మొన తేలిగ్గా దూరినంత మాత్రాన అది సరైనది కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయికి చివరికి ఆ పెట్టె కొనిచ్చాను. మొదటిరోజే, ఇంట్లో పడి ఉన్న ఏదో పాత మోడెం అడాప్టర్ తగిలించింది నేనే. కాలిన వాసన వచ్చింది. వాడు ఏడవలేదు. నావైపు చూశాడు, అంతే. ఇంజనీరింగు పట్టా ఉన్న తండ్రికి ఆ చూపు చాలు.

వీడియో కాల్‌లో అన్నయ్యకు చూపించాం. "మూడు కాళ్ల బిళ్ల కనిపిస్తోందా నాయనా? దాని మీద 7805 అని ఉంటాది. అదీ, దాని పక్కన కెపాసిటరూ పోయినట్టుండాయి. భయం లేదు" అన్నాడు. వారం తర్వాత, నెల్లూరులో తెల్లవారుజామున లేచి కూర్చుని, మా వాడి చేత టంకం కడ్డీ పట్టించి ఆ రెండూ మార్పించాడు. "పెదనాన్నా, వచ్చింది!" అని వాడు అరిచిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

నేనూ ఆడాను. అది 60 హెర్ట్జ్ యంత్రం. మేరియో నా చేతికి అందకుండా పరుగెత్తి మొదటి గుంటలోనే పడ్డాడు. "మీ కాలంలో స్లోగా ఉండేదా నాన్నా?" అని అడిగాడు మా వాడు. అవునన్నాను. ఎందుకో చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. మూలాపేట దుకాణం కథ వాడికి నేను మొదటిసారి చెప్పింది ఆ రోజే.

మొన్న సంక్రాంతికి ఇండియా వెళ్లివచ్చిన మిత్రుల పెట్టెలో అన్నయ్య తన పాత వీడియో గేమ్ పంపాడు, తుపాకీతో సహా. ఆ తుపాకీ ఇప్పటి పల్చటి టీవీల మీద పనిచేయదు. గాజుగొట్టం మీద మెరిసే వెలుగునే అది పట్టగలదు. మీలో ఎవరి గ్యారేజీలోనైనా పాత టీవీ ఉంటే దయచేసి పారేయకండి, కబురు పెట్టండి. వచ్చే పండుగకు మన హాలులో పెడదాం. మీ ఊరి వీడియో గేమ్ దుకాణం ఎక్కడుండేదో, గంటకు ఎంత తీసుకునేవారో, ఎవరు నడిపేవారో కాగితం మీద రాసి తీసుకురండి. ఆ పక్కనే గోడకు అంటిద్దాం. మొదటి కాగితం మా అన్నయ్యది.

సభ్య కుటుంబాలందరికీ ఉగాది శుభాకాంక్షలు.