మాట వెనుక కథ: విటమిన్

బాగా పాలిష్ పట్టిన బియ్యమే తినేవారికి బెరిబెరి ఎందుకొస్తుంది? ఆ జబ్బును ఆపే పదార్థం కోసం లండన్‌లో తవుడును శోధించిన పోలండ్ శాస్త్రవేత్త కాసిమిర్ ఫంక్, 1912లో దానికి ‘వైటమైన్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘వీటా’ అంటే ప్రాణం. ‘అమైన్’ అంటే అమ్మోనియా వంశానికి చెందిన నత్రజని సమ్మేళనం.

అయితే అన్ని విటమిన్లూ అమైన్లు కావని తర్వాత తేలింది. ఎ, సి విటమిన్లలో నత్రజని అసలే లేదు. అందుకే 1920లో శాస్త్రవేత్త జాక్ డ్రమండ్ ఇంగ్లీషు పదం (vitamine) చివరి ‘ఇ’ తీసేయమన్నాడు. బెరిబెరిని ఆపే బి1, అంటే థయమిన్, మాత్రం అమైనే. పిండిపదార్థాల నుంచి శరీరం శక్తి తీయాలంటే అది ఉండాల్సిందే.

బియ్యం మరీ తెల్లగా పట్టించకండి. బి1 ఎక్కువగా ఉండేది తవుడులోనే.