పదిహేడు తీగలు

చేతికి ఉంగరం ఉంటే ముందు తీసేయండి. వాచీ కూడా. మెడలో గొలుసు ఉంటే చొక్కా లోపలికి తోసేయండి. మెకానిక్ ఈ మాట నవ్వుతూనే అంటున్నాడు గానీ, తీసేదాకా మిమ్మల్ని గడప దాటనివ్వడు. అతని స్పానర్ చూడండి. కొస తప్ప మిగతాదంతా నల్ల టేపు చుట్టేశాడు.

గది మధ్య బల్ల మీద పదహారు నీలం సెల్లులు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ ఐదున్నర కిలోలకు కాస్త తక్కువ. ఒక్కోదానికి 3.2 వోల్టులు, 280 ఆంపియర్ అవర్లు. పదహారూ వరసలో కలిస్తే 51.2 వోల్టులు, అంటే మీటరు లెక్కలో పద్నాలుగు యూనిట్ల పైచిలుకు కరెంటు ఈ బల్ల మీదే ఉంటుంది. ఈ వోల్టేజీకి షాక్ కొట్టడం అరుదు. అందుకే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ భయపడాల్సింది షాక్‌కి కాదు, షార్ట్‌కి. సెల్లు లోపలి నిరోధం మిల్లీ ఓమ్‌లో పావు వంతు కూడా ఉండదు. రెండు కొసల మధ్య ఇనుప ముక్క అడ్డం పడితే వేల ఆంపియర్లు పారతాయి. స్పానర్ కరిగిపోవడానికి అంత అక్కర్లేదు.

తెనాలి. మే నెల. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి ఊపిరి పీల్చుకున్నారు గానీ, మొదటి వేసవిలోనే సంగతి అర్థమైంది. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణాలు కాపాడటానికి, గ్రిడ్‌కి కట్టిన ఇన్వర్టర్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. పైన ఎండ నిప్పులు చెరుగుతుంటుంది, ప్యానెళ్లు మెరుస్తుంటాయి, కింద ఫ్యాను తిరగదు. దాంతో ఇన్వర్టర్ మార్చి హైబ్రిడ్ పెట్టించారు. మూల నాలుగు పాత ట్యూబులర్ బ్యాటరీలు ఖాళీ చేసిన చోట సిమెంటు మీద ఆసిడ్ మరకలు ఇంకా తెల్లగా కనబడుతున్నాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బా మాత్రం మాస్టారు పారేయలేదు. దేనికైనా పనికొస్తుందట.

బ్యాటరీ పైన మెట్లగదిలో పెడదామన్నది మాస్టారి కోరిక. రేకుల కప్పు కింద, ఈ జిల్లా ఎండలో! మెకానిక్ ఒప్పుకోలేదు. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదని రూలుంది, ఆ బెంగ తెనాలికి లేదు. ఉన్నదల్లా వేడి. వేడిలో సెల్లు ఆయుష్షు కరిగిపోతుంది. అందుకే కింద, తూర్పు గదిలో.

ఈ సెల్లులు లిథియం ఐరన్ ఫాస్ఫేటువి. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుడినఫ్, ఆయన శిష్యుడు పాఢీ, నంజుండస్వామి కలిసి 1997లో ప్రచురించారు. గుడినఫ్‌కి 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో నోబెల్ వచ్చింది. బల్ల మీదివి చైనా నుంచి వచ్చాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. మన పక్క తయారైన సెల్లు మన ఇంట్లోకి ఎప్పుడొస్తుందా అని మాస్టారు దాని వార్తలన్నీ కత్తిరించి దాస్తున్నారు.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి, పని బాగా కనబడుతుంది. సెల్లుకీ సెల్లుకీ మధ్య పలచని ఎపాక్సీ షీటు. రెండు చివర్లా ప్లైవుడ్, దాన్ని బిగించి పట్టుకున్న థ్రెడ్ రాడ్లు. ఒక సెల్లు ప్లస్ ఇటు, పక్కదాని ప్లస్ అటు. మెకానిక్ వెంట వచ్చిన కుర్రాడు సన్న గరుకు కాగితంతో సెల్లు తల మీద రుద్దుతున్నాడు. మసకగా ఉన్న అల్యూమినియం మూడు రుద్దులకే తెల్లగా తేలుతుంది. గాలి తగిలితే మళ్లీ పొర కడుతుంది కాబట్టి రుద్దిన వెంటనే స్పిరిట్ గుడ్డతో తుడిచి, బస్ బార్ పెట్టి, నట్టు వేసేయాలి. మెకానిక్ టార్క్ రెంచ్‌ని 5 న్యూటన్ మీటర్ల మీద పెట్టాడు. టిక్ మంటుంది. అంతే, ఇంకో అర చుట్టు కూడా లేదు. మెత్తటి అల్యూమినియంలోకి దిగిన మర అది, బలం చూపిస్తే ఊడి చేతిలోకొస్తుంది.

ఇక సన్న తీగలు. పదహారు సెల్లులకి పదిహేడు. నల్లది మొదటి సెల్లు మైనస్‌కి, మిగతా పదహారూ ఒక్కో సెల్లు ప్లస్‌కి. బీఎంఎస్‌కి, అంటే బ్యాటరీని కాపలా కాసే బోర్డుకి, కళ్లు ఇవే. సెల్లు సెల్లుకీ వోల్టేజీ వీటితోనే చూస్తుంది. ఏ ఒక్కటైనా 3.60 దాటితే మొత్తం ప్యాకుకి చార్జింగ్ దారి, 2.80 కిందికి జారితే వాడకం దారి మూసేస్తుంది. సెల్లుల మట్టం సర్దే బ్యాలెన్సర్ కరెంటు పారేదీ ఈ తీగల్లోనే.

రెండో కొసన తీగలన్నీ ఒక తెల్ల ప్లగ్గులో చేరాయి. దాన్ని బోర్డులో గుచ్చేయడానికి కుర్రాడి చెయ్యి తహతహలాడుతోంది.

“ఆగరా. మీటరు తియ్యి.”

మల్టీమీటర్ నల్ల ముల్లు నల్ల తీగ పిన్ను మీద ఆనించి, ఎర్ర ముల్లు ఒక్కో పిన్ను జరుపుతూ కుర్రాడు పైకి చదువుతున్నాడు. మాస్టారు డైరీలో రాస్తున్నారు.

“మూడు ముప్పై ఆరు. ఆరు డెబ్భై రెండు. పది సున్నా ఎనిమిది. పదమూడు నలభై నాలుగు. ఇరవై పదహారు...”

“ఒక్క నిమిషం,” అన్నారు మాస్టారు కలం ఆపి. “పదహారు ఎనభై రావాలి కదా బాబూ?”

కుర్రాడు పక్క పిన్ను చూశాడు. పదహారు ఎనభై అక్కడుంది. ఐదో తీగ, ఆరో తీగ తారుమారయ్యాయి. అలాగే గుచ్చేసి ఉంటే రెండు జంటల పిన్నుల మధ్య ఉండాల్సినదానికి రెట్టింపు, వాటి నడుమ జంట మధ్య తిరగేసిన వోల్టేజీ తగిలేవి. చిప్పు అక్కడికక్కడే పొగ. బోర్డు ఖరీదుతో పోలిస్తే ఈ పరీక్షకయ్యేది ఐదు నిమిషాలు. అయినా ఎక్కువ బోర్డులు కాలేది ఇక్కడేనంటాడు మెకానిక్.

“చూశావా, లెక్కల మాస్టారి దగ్గర నీ ఆటలు సాగవు,” అని కుర్రాణ్ణి ఒక చూపు చూసి, సూదితో పిన్నులు లేపి తీగలు మార్చాడు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు. చివరి పిన్ను దగ్గర 53.76.

ముందు లావు కేబులు. బ్యాటరీ మైనస్ నుంచి బోర్డు బీ మైనస్‌కి. తర్వాతే తెల్ల ప్లగ్గు. విప్పేటప్పుడు ఇదంతా తలకిందులు, ప్లగ్గు ముందు, కేబులు తర్వాత. ప్లస్ వైపు, బ్యాటరీని ఆనుకునే, టీ క్లాసు ఫ్యూజు. మాస్టారింట్లో మిగిలిపోయిన ఎంసీబీ ఒకటుంది, అది వేస్తే సరిపోదా అంటే సరిపోదు. అది ఏసీది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పు తెగుతుంది. డీసీ సున్నాకి రాదు, నిప్పు నిలబడిపోతుంది.

ఫోన్లో బీఎంఎస్ యాప్ తెరుచుకుంది. పదహారు అంకెలు, మూడో దశాంశం దాకా. మాస్టారి ముఖం వెలిగింది. వెంటనే బీరువా తెరిచి ఒక పెట్టె తెచ్చారు. 5 ఆంపియర్ల యాక్టివ్ బ్యాలెన్సర్, విడిగా ఆన్‌లైన్లో తెప్పించారట.

“ఇది కూడా కట్టేయ్ నాయనా. ఎంత బ్యాలెన్స్ అయితే అంత మంచిది కదా.”

“వద్దు మాస్టారూ. బోర్డులోనే 2 ఆంపియర్లది ఉంది. రెండు పెడితే ఒకటి ఎత్తింది ఇంకోటి దించుతుంది.”

మెకానిక్ పక్షమే వహించాలి ఇక్కడ. పాతరకం బోర్డులు ఎక్కువున్న సెల్లు చార్జిని రెసిస్టర్‌లో కాల్చి వదిలేస్తాయి, అదీ పదో వంతు ఆంపియరు చొప్పున. యాక్టివ్ బ్యాలెన్సర్ ఆ చార్జిని తీసి తక్కువున్నదానికి పోస్తుంది. మెరుగే. కానీ ఎప్పుడు పోయాలో తెలియకపోతే మెరుగు కాస్తా చెరుపవుతుంది. ఈ సెల్లు పొట్ట పెద్దది, మెడ సన్నం, అచ్చం నీళ్ల కూజా. పొట్టలో ఉన్నంతసేపూ మట్టం కదలదు. ఇరవై శాతం నుంచి ఎనభై శాతం దాకా వోల్టేజీ తేడా చాలా స్వల్పం. అక్కడ ఏది నిండిందో ఏది వెలితో వోల్టేజీ చూసి చెప్పలేం. రోజంతా పనిచేసే బ్యాలెన్సర్ ఆ రెండు మూడు మిల్లీవోల్టులు నమ్మి, నిండినదాన్ని ఇంకా నింపుతుంది. మెడ దగ్గరికి, అంటే 3.42 వోల్టులకు చేరాకే తేడా నిజం చెబుతుంది. అందుకే బ్యాలెన్స్ మొదలయ్యే అంకె 3.42 అని కొట్టాడు.

సెల్లులు వచ్చినప్పుడే పదహారింటినీ సమాంతరంగా కలిపి 3.65 దాకా ఒక్క మట్టానికి తెచ్చి పెట్టాడు. ముందు వరసలో కట్టి దాదాపు నింపి, చివరి కొసరు మాత్రమే అలా. మొదటి నుంచీ సమాంతరంగానే కడితే, సగం ఖాళీగా వచ్చిన సెల్లులకి 10 ఆంపియర్ల సప్లైతో తొమ్మిది రోజులు దాటుతుంది.

ఇన్వర్టర్‌కి కలిపే ముందు ఒక చిన్న పని. లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. నేరుగా కలిపితే టప్పున నిప్పు రవ్వ, కాంటాక్టు మీద గుంట. పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డరు తెచ్చి దాని గుండా ముందు కలిపాడు. తీగ ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది. నిండిందన్నమాట. బ్రేకర్ ఎత్తాడు. చప్పుడు లేదు.

ఏసీ, మిక్సీ, బోరు మోటారు. 40 ఆంపియర్లు లాగుతోంది. యాప్ చూడండి. అన్నీ 3.31 దగ్గరుంటే, తొమ్మిదోది 3.25. అరవై మిల్లీవోల్టుల తేడా.

“సెల్లు పోయిందా?” మాస్టారి గొంతు తగ్గింది.

“మోటారు ఆపండి, ఏసీ కూడా.”

ఆపగానే తొమ్మిదోది మిగతావాటితో సమానంగా లేచి కూర్చుంది. బలహీనమైన సెల్లయితే ఇంత చటుక్కున కోలుకోదు. లోడు మీద పడిపోయి, లోడు తీయగానే లేచిందంటే తప్పు అతుకులో ఉంది. అరవై మిల్లీవోల్టుల్ని 40 ఆంపియర్లతో భాగిస్తే ఒకటిన్నర మిల్లీ ఓమ్. అక్కడ రెండు వాట్ల పైన వేడి ఊరికే పుడుతోంది. చార్జింగ్‌లో ఇదే సెల్లు తిరగబడి అందరికంటే ఎక్కువ చూపించేది, బీఎంఎస్ ముందే చార్జింగ్ కట్ చేసేది, ఇంటాయన ఇంకా పెద్ద బ్యాలెన్సర్ కొనేవారు. బ్యాలెన్సర్లతో విసిగిపోయినవాళ్లలో చాలామందికి కావలసింది గరుకు కాగితమేనని నా అనుమానం.

బ్రేకర్ దించి, తెల్ల ప్లగ్గు పీకాకే స్పానర్ పట్టుకున్నాడు. ప్లగ్గు ఉండగా బస్ బార్ తెరిస్తే, ఎక్కడో లోడు మిగిలి ఉంటే, ప్యాకు వోల్టేజీ అంతా ఆ బార్‌కి అటూ ఇటూ ఉన్న రెండు సన్న తీగల మీదే పడుతుంది. నట్టు విప్పి బస్ బార్ లేపాడు. అడుగున గోరంత నీలం ప్లాస్టిక్ పొర, సెల్లు మీది ర్యాపరే, చిరిగి ఇరుక్కుంది. టార్క్ రెంచ్‌కి అది తెలియదు, టిక్ మంది. గోటితో తీసి, రెండు వైపులా రుద్ది, తుడిచి, బిగించాడు. మళ్లీ అదే లోడు. పదహారింటి మధ్య తేడా ఆరు మిల్లీవోల్టులు.

చార్జింగ్ 55.2 దగ్గర ఆపమని ఇన్వర్టర్‌కి చెప్పాడు. సెల్లుకి 3.45. సాయంత్రానికి పైకి చేరేసరికి మూడోది ఒక్కటే కాస్త ముందుంది, 3.47. స్క్రీన్ మీద దాని అంకె రంగు మారింది. బ్యాలెన్సర్ దాన్నుంచి తీసి పదకొండోదానికి పోస్తోంది. సెల్లులో ఒక్క శాతం అంటే 2.8 ఆంపియర్ అవర్లు. 2 ఆంపియర్లతో దాదాపు గంటన్నర పడుతుంది. అదీ పైన నిలబడి ఉన్నంతసేపే. కాబట్టి తొందరేం లేదు, రోజూ కొంచెం సర్దుకుంటుంది.

“నెల తర్వాత వచ్చి నట్లన్నీ మళ్లీ చూస్తా,” అంటూ మెకానిక్ సంచి సర్దుతున్నాడు.

మాస్టారు 5 ఆంపియర్ల పెట్టె చేతిలో తిప్పుతూ, “మరి దీన్నేం చేయమంటావ్?” అన్నారు.

“సీలు తీశారా?”

“లేదు.”

“రిటర్న్ పెట్టేయండి మాస్టారూ. ఆ డబ్బుతో మంచి డీసీ బ్రేకర్ ఇంకోటి కొందాం, ప్యానెళ్ల వైపు ఉన్నది నాకు నచ్చలేదు.”