మార్టినీ-హెన్రీ తుపాకి

మార్టినీ-హెన్రీ బ్రిటిషు సైన్యం 1871లో స్వీకరించిన లివరు రైఫిలు. దీని యంత్రాంగం స్విట్జర్లాండులో స్థిరపడిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీది; గొట్టం లోపలి గాడుల రూపకల్పన స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ హెన్రీది. రెండవ ఆఫ్ఘను యుద్ధంలోను (1878-80), 1879 నాటి జూలూ యుద్ధంలోను దీనిని వాడారు.

గుర్తించే విధానం

ట్రిగ్గరు వెనుక పొడవైన లివరు ఉంటుంది. దానిని క్రిందికి లాగితే ఖాళీ తొడుగు బయటికి వస్తుంది. తూటాల అర లేదు. ఒక్కొక్క తూటానే పెట్టాలి. గొట్టం క్రింద తూటాల నాళిక గల వించెస్టర్ రైఫిళ్ళకు, దీనికి ముఖ్య భేదం ఇదే. కుడిప్రక్కన కిరీటం, విక్టోరియా రాణిని సూచించే వి.ఆర్. అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం, మార్కు సంఖ్య ముద్రించి ఉంటాయి.

తూటా

అసలు తూటా .577/450. ఇది సీసా ఆకారంలో ఉంటుంది. సీసపు గుండు బరువు 480 గ్రెయిన్లు (31 గ్రాములు), తుపాకిమందు 85 గ్రెయిన్లు. తరువాతి కాలంలో అనేక తుపాకులకు గొట్టం మార్చి, .303 తూటాకు అనువుగా చేశారు. వీటిని మార్టినీ-ఎన్‌ఫీల్డ్ అంటారు. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి. కనుక ముద్రించిన సంవత్సరాన్ని బట్టి తూటాను నిర్ణయించరాదు. నిపుణులు గొట్టపు రంధ్రాన్ని కొలిచి చెప్పాలి. తగని తూటా పేల్చితే ప్రాణాపాయం.

చట్టం

1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షను ప్రకారం, మరమ్మతు చేసినా పేల్చలేని పురాతన ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. పేల్చగలిగినదైతే ఎంత పాతదైనా లైసెన్సు అవసరం. పల్నాడులో నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి చోట్ల ఏ పాత ఇంటి అటకపైనైనా ఇటువంటిది కనబడితే లివరు కదపకుండా పోలీసులకు తెలపాలి. లోపల తూటా ఉండవచ్చును.