జోన్ రాబిన్సన్: బోధన, పరిశోధన

జోన్ రాబిన్సన్ (1903–1983) బ్రిటిష్ ఆర్థికవేత్త, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు. అక్కడి గిర్టన్ కళాశాలలో చదివారు. స్త్రీలకు పూర్తి పట్టాలివ్వడానికి ఆ విశ్వవిద్యాలయం 1948 దాకా ఒప్పుకోలేదు. భర్త ఆస్టిన్, గ్వాలియర్ బాల మహారాజుకు చదువు చెప్పే కాలంలో ఆమె కూడా ఇండియాలో ఉన్నారు. 1937లో లెక్చరర్, 1949లో రీడర్ అయ్యారు. ప్రొఫెసర్ పదవి మాత్రం 1965లో గాని రాలేదు.

ఆమె తొలి పెద్ద గ్రంథం 'ది ఎకనామిక్స్ ఆఫ్ ఇంపర్‌ఫెక్ట్ కాంపిటీషన్' (1933). ఏకస్వామ్యానికీ సంపూర్ణ పోటీకీ నడుమ ఉండే మార్కెట్లను ఇందులో విశ్లేషించారు. కొనేవారు ఒక్కరే ఉండే మార్కెట్‌కు మోనోప్సనీ అన్న పేరు ఈ పుస్తకంతోనే స్థిరపడింది. ఊళ్లో ఒకే మిల్లు ఉందనుకుందాం. మరో కార్మికుణ్ణి రప్పించాలంటే కూలి పెంచాలి, పెంచితే అందరికీ పెంచాలి. అందుకే యజమాని తక్కువమందితో, తక్కువ కూలితో సరిపెట్టుకుంటాడు. అలాంటిచోట తగిన కనీస వేతనం నిర్ణయిస్తే కూలితోపాటు ఉద్యోగాలు కూడా పెరగవచ్చు. పంటకు ఒకే కొనుగోలుదారు ఉన్న రైతుకూ ఈ విశ్లేషణ వర్తిస్తుంది. ఆమె రచనల్లో నేటికీ ఎక్కువగా అక్కరకొస్తున్న భాగం ఇదే.

ఆర్థికవేత్త కీన్స్ గ్రంథం 'జనరల్ థియరీ' రూపుదిద్దుకుంటున్నప్పుడు దాన్ని చర్చించి పదును పెట్టిన యువబృందంలో ఆమె ఒకరు. 1942లో మార్క్స్ ఆర్థికశాస్త్రంపై పుస్తకం రాశారు.

శ్రమ, భూమి, పెట్టుబడి ఇంత ఉంటే ఉత్పత్తి ఎంత వస్తుందో చెప్పే సంబంధమే ఉత్పత్తి ఫలం (ప్రొడక్షన్ ఫంక్షన్). దాన్ని విద్యార్థులకు నేర్పే తీరుపై అసంతృప్తితోనే 1953–54 నాటి ఆమె ప్రసిద్ధ వ్యాసం మొదలవుతుంది. శ్రమను గంటల్లో, భూమిని ఎకరాల్లో కొలుస్తాం. మరి పెట్టుబడిని దేనిలో కొలవాలి? మగ్గాన్నీ లారీనీ కలిపి లెక్కకట్టాలంటే వాటి ధరలు కావాలి. ఆ ధరలేమో లాభాల రేటును బట్టి మారతాయి. ఆ రేటును నిర్ణయించేది పెట్టుబడి పరిమాణమేనని సిద్ధాంతం చెబుతోంది! ఈ వాదం అమెరికాలోని ఎంఐటీ ఆర్థికవేత్తలతో ఏళ్లపాటు నడిచింది. విమర్శలోని కీలకాంశాన్ని వారిలో ఒకరైన పాల్ శామ్యూల్సన్ 1966లో అంగీకరించారు. అయినా పాఠ్యపుస్తకాలు పెద్దగా మారలేదు. మారి ఉండాల్సింది.

చైనా సాంస్కృతిక విప్లవాన్ని సమర్థిస్తూ 1969లో రాసిన పుస్తకం మాత్రం నిలబడలేదు. సిద్ధాంతాలను అంత కఠినంగా పరీక్షించిన మనిషి అక్కడ అధికారిక కథనాన్ని తేలిగ్గా నమ్మారు.

అమర్త్యసేన్ పరిశోధనకు ఆమె పర్యవేక్షకురాలు. జాన్ ఈట్‌వెల్‌తో కలిసి 1973లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం వెలువరించారు. 1970లలో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కూడా కొంతకాలం పనిచేశారు.