గట్టు తెగిన కొల్లేరు

2006 వేసవి. కొల్లేటి లంకల్లో పొక్లెయిన్ల మోత. చేపల చెరువు గట్టు పైపొర ఎండకు పగిలి పెళ్లలు పెళ్లలుగా లేచింది. దాని కింద నల్లటి ఒండ్రు. ఇంకాస్త లోతుకు దిగేసరికి బకెట్ పళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఆ తర్వాత యంత్రానికి పెద్దగా పని లేకపోయింది, నీరే గట్టును కోసుకుంటూ పోయింది. కోళ్ల పెంటతో పచ్చగా చిక్కబడ్డ చెరువు నీరు కంపు కొడుతూ సరస్సులో పడింది. ఒకవైపు పోలీసు బందోబస్తు, ఇంకోవైపు ఊరి జనం. తిట్టినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. అప్పు తెచ్చి చేపపిల్లలు వదిలినవాళ్ల ఏడుపు ఉత్తుత్తి ఏడుపు కాదు.

సరస్సును ఆక్రమించిన చెరువుల గట్లు తెంచే ఆ పనే ‘ఆపరేషన్ కొల్లేరు’.

ఆ రోజుల్లోనే ఎగువన నూజివీడు తోటల్లో రసాల కోతలు సాగుతున్నాయి. మామిడి తోటకూ కొల్లేటికీ చుట్టరికం ఏమిటని అడగొచ్చు. ఆ మెట్ట మీద పడ్డ వాన రామిలేరులో చేరుతుంది, రామిలేరు పోయి కొల్లేట్లో కలుస్తుంది. తమ్మిలేరు, గుండేరు, మైలవరం కొండల నుంచి దిగే బుడమేరు కూడా అక్కడికే పోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఆ మంచినీటి సరస్సు ఇంత వరదనూ పట్టి ఉంచి, 60 కిలోమీటర్లకు పైగా సాగే ఉప్పుటేరు గుండా నిదానంగా సముద్రానికి పంపేది. నిండుగా పొంగితే పదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి పదడుగుల ఎత్తు గీత దాకా, 901 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకునేది.

ఒకప్పుడు లంకల్లోని వడ్డీ కులపు జాలరులు తాటిదోనెల మీద తిరుగుతూ, మావులనే ఉచ్చులు పెట్టి కొర్రమేను, జెల్ల, మట్టగిడస పట్టి బతికారు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. పేదవాడికి నాలుగు రాళ్లు వస్తాయన్నది ఉద్దేశం. తర్వాత బయటి పెట్టుబడి దిగింది. సంఘం పేరు బీదవాడిది, లాభం లీజుదారుడిది అయింది. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకూ ఎక్కింది. ఈ రెంటి మధ్య, 2001 ఫిబ్రవరి 9న ఉపగ్రహం తీసిన చిత్రాల్లో తేలిందేమంటే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం దాకా చేపల సాగే, 1,050 చెరువులు. అంటే అభయారణ్యం కాగితం మీద ఉంది, సరస్సు గట్ల మధ్య చిక్కుకుంది.

చివరికి సుప్రీంకోర్టు, అది నియమించిన కేంద్ర సాధికార కమిటీ పట్టుబడితే గానీ యంత్రాలు కదల్లేదు. 40 వేల ఎకరాలకు పైగా చెరువుల గట్లు తెగాయి. చెడిన నేలను బాగుచేయడమంటే మొక్కలు నాటడమే అనుకుంటాం. ఇక్కడ ముందు చేయాల్సింది నీటికి అడ్డు తీయడం. ఇరాక్‌లోనూ అంతే, సద్దాం హుస్సేన్ ఎండబెట్టిన చిత్తడి నేలల్లో 2003లో స్థానికులే కట్టలు తెంచారు. నీళ్లు వచ్చాయి, వాటి వెంట రెల్లు, పక్షులు తిరిగొచ్చాయి.

కొల్లేటి పక్షుల సంగతి కాస్త నిలబడి చెప్పుకోవాలి. పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊరి చెట్ల మీద వేలాదిగా గూళ్లు కట్టిన గూడబాతులు (పెలికాన్లు) 1970ల్లో ఆ ఊరిని వదిలేశాయి. ఇప్పుడు వాటిని చూడాలంటే కైకలూరు పక్కన ఆటపాకకు వెళ్లాలి. గూళ్లకు చెట్లు చాలక అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది. వాటి మీద పుల్లలు పేర్చుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి పూర్తిగా దూర్చి చేపను లాక్కుంటుంది. ఇనుము మీద కట్టిన గూడైనా సరే, బతకాలన్న ఆ పట్టుదల చూస్తే మనసు కదలక మానదు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. యంత్రాలు వెళ్లిపోయాక కొన్నేళ్లకు గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమంటూ శాసనసభ తీర్మానమే చేసింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ మాత్రం సరిహద్దు అయిదో కాంటూరు దగ్గరే ఉండాలని, లోపలి జిరాయితీ భూముల యజమానులకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. నా మటుకు అదే న్యాయమైన మాట. 2006లో గట్లు తెంచడంలో చూపిన పట్టుదల, బతుకుతెరువు చూపడంలో కనిపించలేదు. గట్లు మళ్లీ లేవడానికి దురాశ ఒక్కటే కాదు, ఈ లోటూ కారణమే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ నీరంతా చేరాల్సింది కొల్లేటికే. అందుకే ప్రభుత్వానికి ఒక విన్నపం: అయిదో కాంటూరు హద్దు రాళ్లు పాతండి, జిరాయితీ రైతుకు పరిహారం చెల్లించండి, దోనె మీద బతికే వడ్డీలకు సరస్సులో వేట హక్కు నిలపండి. నూజివీడు తోటల రైతులకూ ఒక మాట: మీ పొలం గట్టు పక్క వాగును పూడ్చకండి, రామిలేరు దారిని ఆక్రమించుకోనివ్వకండి. కొల్లేటికి నీళ్లు రావాలన్నా, వరద ఊళ్ల మీద పడకుండా ఉండాలన్నా ఆ దారులు తెరిచి ఉండాల్సిందే.