సెట్టు నిండింది, ఉద్యాపన ఎప్పుడు?

నా సెట్టులో ఆఖరున చేరింది ఒకటో నంబరు కార్డు. దాని మీదున్నాయన అసలు ఆటగాడే కాదు. కోటు వేసుకుని టై కట్టుకున్న పెద్దమనిషి, పేరు విలియం హారిడ్జ్, అప్పటి అమెరికన్ లీగ్ అధ్యక్షుడు. 1956లో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో కలిపి అమ్మిన 340 బేస్‌బాల్ కార్డుల్లో ఆయనది మొదటిది. ఆ రోజుల్లో పిల్లలు కార్డుల్ని నంబరు వరసన పేర్చి రబ్బరు బ్యాండు వేసి దాచుకునేవాళ్ళు. బ్యాండు కోతంతా పైనున్న ఒకటో కార్డు మీదా, అడుగునున్న 340 మీదా పడేది. అందుకని మిక్కీ మాంటిల్, విల్లీ మేస్ లాంటి మహామహులు నా పెట్టెలోకి ఎప్పుడో వచ్చేశారు గానీ, అంచులు నలగని ఈ అధ్యక్షులవారి కోసం ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నాను.

2017 ఫిబ్రవరిలో, మంచు పడుతున్న మధ్యాహ్నం, పోస్టులో వచ్చాడు. గట్టి ప్లాస్టిక్ స్లాబులో సీలు చేసి ఉన్నాడు. పైన చీటీ మీద గ్రేడు 7, నియర్ మింట్. అయిదో అట్టపెట్టెలో ఆయన కోసం వదిలిన సందులో దూర్చాను. టక్కుమని కూర్చున్నాడు. 1994లో మొదలుపెట్టిన పని, ఇరవై మూడేళ్ళకి అయిపోయింది. సంబరం పట్టలేక ఇల్లంతా తిరుగుతానేమో అనుకున్నాను. ఏమీ తోచక పెట్టెల ముందే కూర్చుండిపోయాను.

మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టెల వంక చూసింది. "ఇరవై మూడేళ్ళ నోము పట్టారు. మరి ఉద్యాపన ఎప్పుడండీ?" అంది.

నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అట్లతద్ది నోచినవాళ్ళు చివర్న ముత్తైదువుల్ని పిలిచి, అట్లు వాయనమిచ్చి, ఉద్యాపన చేసుకుంటారు. అది చెయ్యకపోతే ఎన్నేళ్ళు నోచినా ఫలం దక్కదని మా అమ్మ అనేది. మా కార్డుల వాళ్ళకి అలాంటి తంతు ఏదైనా ఉందా? సెట్టు నిండాక మా పూర్వీకులు ఏం చేశారు? అది తెలుసుకోవాలనిపించి పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాను.

నేను తెనాలివాణ్ణి. 1988లో న్యూజెర్సీ వచ్చి, మందుల కంపెనీ లాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు రోడ్డు మీద సిగరెట్ పెట్టెలు ఏరుకొచ్చి, చింపి, వాటితో ఆడుకున్నవాణ్ణి. ఈ పిచ్చి అంటించింది మా లాబ్‌లోని బ్రూక్లిన్ పెద్దాయన. 1955లో వరల్డ్ సిరీస్ గెలిచిన బ్రూక్లిన్ డాడ్జర్స్ 1957 సీజను కాగానే లాస్ ఏంజెలిస్ వెళ్ళిపోయారని, నలభై ఏళ్ళ తరవాత కూడా బాధపడేవాడు. ఆయన కార్డులన్నీ వాళ్ళమ్మ చెత్తలో వేసేసిందట. 1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మెకి దిగారు, ఆ ఏడు వరల్డ్ సిరీసే జరగలేదు. చూడ్డానికి ఆట లేక, ఇద్దరం శనివారాలు కార్డుల సంతలకి తిరిగాం. ఇక్కడ మాలాంటి వాళ్ళని "కలెక్టర్లు" అంటారు. తెనాలిలో మా నాన్నకి ఫోన్‌లో ఆ ముక్క చెబితే ఒక్క క్షణం పొంగిపోయాడు.

తవ్విన కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ సెట్టు అనేది మొదట్నించీ నిండకుండా ఉండటానికే పుట్టింది. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన కార్డుల్నే చూడండి. వాటిని ఇప్పుడు టీ-206 అంటారు. మొత్తం 524. సేకర్తలు ముద్దుగా పెట్టుకున్న పేరు "మాన్‌స్టర్". అందులో హోనస్ వాగ్నర్ కార్డు అచ్చు మధ్యలోనే ఆగిపోయింది, ఈనాటికి బయటపడ్డవి అరవైకి అటూ ఇటూ. ఎడ్డీ ప్లాంక్ కూడా అరుదు. షెర్రీ మెగీ పేరు తప్పుగా అచ్చయినది ఒకటి, జో డాయిల్ జట్టు పేరు తప్పుగా పడ్డది ఒకటి. ఈ నాలుగింటినీ కొనే స్థోమత లేనివాళ్ళు 520 దగ్గర ఆగి "పూర్తయింది" అనేస్తారు, ఎవరూ కాదనరు. మా లోకంలో పూర్తి అనేది కూడా ఒక ఒప్పందమే.

బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ అంతకంటే ఘటికురాలు. 1933లో 240 నంబర్లతో సెట్టు వేసింది గానీ 106 నంబరు కార్డు వెయ్యలేదు. ఆ ఒక్కటీ దొరుకుతుందని పిల్లలు గమ్ కొంటూనే ఉన్నారు. మోసం పోల్చుకున్న కొందరు కంపెనీకి ఉత్తరాలు రాశారు. చేసేదిలేక 1934లో ఆ నంబరు మీద నాప్ లాజోయ్ కార్డు అచ్చు వేసి, రాసినవాళ్ళకి మాత్రం పోస్టులో పంపారు. లాజోయ్ మేజర్ లీగ్‌లో ఆఖరుసారి ఆడింది 1916లో! ఉత్తరానికి కార్డుని పేపరు క్లిప్పుతో తగిలించి పంపడం వల్ల ఇప్పుడు దొరికే లాజోయ్‌లలో చాలా వాటికి క్లిప్పు గుర్తు కనిపిస్తుంది. గ్రేడింగ్ వాళ్ళు దానికి మార్కులు తగ్గిస్తారు. నన్నడిగితే, ఆ గుర్తే కంపెనీ మెడలు వంచిన పిల్లాడి సంతకం.

1952 టాప్స్ కథ అందరికీ తెలిసిందే. సై బర్గర్ రూపకల్పన చేసిన 407 కార్డుల సెట్టు అది. 311 నుంచి ఆఖరిదాకా ఉన్న కార్డులు ఆ ఏడు ఆలస్యంగా దుకాణాలకి వచ్చాయి. అప్పటికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదకి పోయింది. మిగిలిన సరుకు బ్రూక్లిన్ గోడౌన్‌లో ఏళ్ళ తరబడి మూలిగింది. ఎవరూ కొనకపోతే 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని బర్గరే చెప్పేవాడు. ఆ వరసలో మొదటిది, 311 నంబరు, మిక్కీ మాంటిల్. 2022 ఆగస్టులో ఆ మాంటిల్ కార్డు ఒకటి వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది.

నంబర్లు నిండటమే కష్టమైన ఆటలోకి 1991లో మరో మెలిక వచ్చిపడింది. నాణేలకి గ్రేడు వేసే సంస్థ పెట్టిన డేవిడ్ హాల్ కార్డుల కోసం పీఎస్ఏ మొదలుపెట్టాడు. మూలలు, అంచులు, పైభాగం, బొమ్మ చుట్టూ ఉన్న తెల్లంచు అన్ని వైపులా సమంగా ఉందా లేదా చూసి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, స్లాబులో పెట్టి సీలు చేస్తారు. వాళ్ళు మొట్టమొదట గ్రేడు వేసిన కార్డు ఒక హోనస్ వాగ్నర్. ఆ ఏడే హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి సదబీస్ వేలంలో 4,51,000 డాలర్లకి కొన్నది. దానికి 8 వేశారు. 2013లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి ఆ కార్డు పక్కల్ని తానే కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంటే మా లోకంలో ఒకటో నంబరు సర్టిఫికెట్టు కత్తెర పడ్డ కార్డుది.

ఈ సంగతి చదివి నేను చేదుగా నవ్వుకున్నాను. నా 1956 సెట్టు కోసం మాంటిల్ కార్డు నేను మొదటిసారి కొన్నది ఒక సంతలో. స్లాబు లేదు. ఒక నెల ఇంటి అద్దె పోసి కొని గ్రేడింగుకి పంపితే "కత్తిరించినది" అన్న చీటీతో తిరిగొచ్చింది. కొలిచి చూస్తే వెడల్పు వెంట్రుకవాసి తక్కువ. అమ్మినవాడు మళ్ళీ ఏ సంతలోనూ కనపడలేదు. ఆ తరవాత స్లాబు లేని కార్డు నేను కొనలేదు.

సరే, సెట్టు నిండినవాళ్ళు ఏం చేస్తున్నారు? నాకు తెలిసి ఎక్కువమంది ఆపరు. పీఎస్ఏ వాళ్ళది సెట్ రిజిస్ట్రీ అని ఒకటుంది. ఎవరి సెట్టు ఎంత శాతం నిండింది, సగటు గ్రేడు ఎంత, ఎవరిది మొదటి ర్యాంకు అన్నీ అందులో ఉంటాయి. మామూలు ఆటగాడి కార్డుకి తక్కువ తూకం, మాంటిల్ లాంటివాడికి ఎక్కువ తూకం. వంద శాతం చూసిన మర్నాడే 7 అమ్మేసి 8 కొనేవాళ్ళున్నారు. ఇంకొందరు మాస్టర్ సెట్టు అంటారు. 1956లో ఒకటి నుంచి 180 దాకా కార్డుల వెనక అట్ట కొన్ని తెల్లగా, కొన్ని బూడిదరంగులో ఉంటుంది. రెండు రకాలూ కావాలంటే సగం సెట్టు మళ్ళీ కొనాలి! నంబరు లేని రెండు చెక్‌లిస్టు కార్డులు దానికి అదనం. కొందరు 1955కి వెనక్కి పోతారు, కొందరు 1957కి ముందుకి పోతారు.

నేనూ ఒక నెల ఆ దారినే పోయాను. 31వ నంబరు హాంక్ ఆరన్‌ని తీసి భూతద్దం పెట్టి చూశాను, 8 గ్రేడుది కొందామా అని. ఆ కార్డులో తమాషా ఏమిటంటే, ఎడమన పెద్ద ముఖం ఆరన్‌దే గానీ, వెనక హోం ప్లేట్ దగ్గర జారుతున్న మనిషి విల్లీ మేస్. టాప్స్ వాళ్ళ పొరపాటు. 7 అయినా, 10 అయినా ఆ జారేవాడు మేసే. ఇంత డబ్బు పోసి నేను సరిచెయ్యబోయేది ఏమిటని కార్డుని తిరిగి పెట్టెలో పెట్టేశాను.

మూడో దారి విడగొట్టి అమ్మడం. సెట్టు మొత్తంగా కొనేవాడి కంటే విడి కార్డుకి పోటీ పడేవాళ్ళు ఎక్కువ. అందుకని వేలం వాళ్ళు ముందు పేరున్న ఆటగాళ్ళని విడిగా పెట్టి, మామూలు వాటిని కట్టలు కట్టి అమ్ముతారు. అమ్ముడైన సెట్టు రిజిస్ట్రీలో "రిటైర్డ్" అన్న మాటతో నిలుస్తుంది. నాలుగోది అసలు నిర్ణయమే లేకుండా పోవడం. ఫ్లోరిడాలో ఒక న్యూరాలజిస్టు జీవితమంతా కూర్చిన కార్డులు, ఆయన కోవిడ్‌తో పోయాక 2021లో కుటుంబం వేలానికిచ్చింది. అందులో 1933 గౌడీ బేబ్ రూత్ ఒక్కటే 42 లక్షల డాలర్లు దాటింది.

ఇవన్నీ చూశాక, ఉద్యాపన చేసినవాడు నాకు ఒక్కడే కనిపించాడు. పేరు జెఫర్సన్ బర్డిక్. 1900లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. సిరక్యూస్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల కంపెనీలో కార్మికుడు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగినవాడు. అమెరికాలో అచ్చయిన కార్డులన్నిటికీ జాబితా రాసింది ఆయనే. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డుకి ఎన్, ఇరవయ్యో శతాబ్దపుదానికి టీ, పాత మిఠాయి కార్డుకి ఈ అని అక్షరాలు పెట్టాడు. ఇప్పుడు మేం టీ-206 అంటున్నామంటే ఆయన పెట్టిన పేరే. ఆయన జాబితాలో వాగ్నర్ ధర 50 డాలర్లు.

1947లో ఆయన తన సేకరణ మొత్తం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తానన్నాడు. మూడు లక్షలకి పైగా కాగితాలవి. వాటిలో బేస్‌బాల్ కార్డులే ముప్పై వేలు. ప్రింట్ల విభాగం క్యూరేటర్ హయత్ మేయర్ తీసుకుంటాం గానీ వరస పెట్టే పని మీరే చెయ్యాలన్నాడు. బర్డిక్ సరేనని ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కొక్క కార్డూ ఆల్బంలో అంటించాడు. 1959లో ఉద్యోగం వదిలి మ్యూజియం దగ్గరికే మకాం మార్చాడు. చేతులు లేవని రోజుల్లో కూడా వచ్చేవాడట. 1963 జనవరి 10న ఆఖరి కార్డు అంటించి, కోటు తొడుక్కుని, ఇక రానని చెప్పి వెళ్ళాడు. మర్నాడు ఆస్పత్రిలో చేరాడు. మార్చిలో పోయాడు.

2017 వేసవిలో నేనూ మా ఆవిడా ఆ మ్యూజియానికి వెళ్ళాం. బర్డిక్ కార్డుల్లో కొన్నిటిని వంతులవారీగా అద్దం వెనక పెడతారు. దగ్గరికి వంగి చూశాను. కార్డుల వెనక జిగురు. మా లెక్క ప్రకారం జిగురు అంటిన కార్డుకి మంచి గ్రేడు రాదు. ముప్పై వేల కార్డుల్నీ పాడుచేశాడన్న మాట! అయితే యాభై ఏళ్ళు దాటినా ఆ సేకరణ ఒక్కచోటే ఉంది, అమ్ముడు పోలేదు. టికెట్ కొన్న ఎవరైనా చూడొచ్చు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఈయన వాయనం ఇచ్చేశాడు" అంది.

నాది బర్డిక్ పాటి సేకరణ కాదు. 1956 సెట్టు ఇంకో మ్యూజియానికి అక్కర్లేదు. అయినా నాకు చేతనైంది చేశాను. 340 కార్డుల జాబితా రాశాను: నంబరు, గ్రేడు, సర్టిఫికెట్టు నంబరు, ఎప్పుడు ఎంతకి కొన్నాను. నాకు డెబ్బై అయిదేళ్ళు రాగానే మొత్తం సెట్టుగా అమ్మాలనీ, నేను ముందే పోతే అమ్మాయి ఏడాది ఆగి ఇద్దరు వేలం వాళ్ళని అడిగాకే అమ్మాలనీ, వచ్చినదాంట్లో సగం తెనాలిలో నేను చదివిన బడి లైబ్రరీకి వెళ్ళాలనీ రాసి సంతకం పెట్టాను. అమ్మాయి చదివి ఒక ప్రతి తీసుకెళ్ళింది. రిజిస్ట్రీలో నా ర్యాంకు ఎంతకి పడిపోయిందో అప్పట్నించీ చూడలేదు.

మీ బీరువాలో తపాలా బిళ్ళలో, పాత నాణేలో, సినిమా పాటల పుస్తకాలో ఉండే ఉంటాయి. అవి ఏమిటో, ఎవరికి చెందాలో ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే పెట్టండి. అరగంట పని.