బిందె బరువు, పెరటి లెక్క

బళ్ళారి తెలుగు కుటుంబాల కథ ఎవరు చెప్పినా 1953 దగ్గర కాసేపు ఆగుతారు. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మనవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు మారింది. అదే ఏడు హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట కూడా పూర్తయింది. సరిహద్దు మారి మన బడి భాష, కచేరీ కాగితాలు మారాయి. నీళ్ళు వచ్చి మన పెరడు మారింది. మొదటి సంగతి గురించి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటాం. రెండోది మన ఇళ్ళలో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఈసారి పెరటి చరిత్ర.

ముందు నేల సంగతి. బళ్ళారి చుట్టుపక్కల ఏడాదికి పడే వాన సుమారు 500 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కురిసిపోతుంది. నేలలో ఎక్కువ భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత బీటలు వారుతుంది, ఆ బీటల్లోంచి లోపలి తేమ కూడా ఎగిరిపోతుంది. చాలా బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉండేవి. 1876-78 నాటి పెద్ద కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో గట్టిగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. కరువు పనుల్లో మట్టి మోసే కూలికి రోజుకు ఒక పౌను, అంటే అర కిలోకన్నా తక్కువ ధాన్యం చాలని రిచర్డ్ టెంపుల్ దొర లెక్కగట్టింది ఆ కరువులోనే.

అలాంటి చోట ఇంటి వెనకాల పచ్చదనం ఎట్లా నిలిచింది? మా జేజి కాలపు పెరడు గురించి మా పెద్దవాళ్ళు చెప్పినదాన్ని బట్టి చూస్తే, మంచినీళ్ళు తాగే చెట్టు అందులో ఒక్కటీ లేదు. తులసికోట ఒక్కటే మినహాయింపు, దానికీ పొద్దున ఒక చెంబే. మిగిలిన ప్రతి చెట్టుకూ ఒక వాడిన నీటి వాటా ఉండేది. బచ్చలి నీళ్ళు (స్నానాల గదికి మనం ఈ కన్నడం మాటే వాడతాం కదా) కాలువగా పారి అరటికీ, ఆ గట్టున ఉన్న కరివేపాకుకూ పోయేవి. అంట్లు తోమిన నీళ్ళు నిమ్మచెట్టు పాదులోకి. ఆ రోజుల్లో తోమేది బూడిదతో, కాబట్టి చెట్టుకు చెరుపు లేదు. బియ్యం కడిగినవి మాత్రం పెరటికి రావు, అవి కుడితిలో కలిసి ఎనుముకు పోతాయి. నీళ్ళు అందని చివర మునగ, దానిమ్మ, సీతాఫలం, గోరింట. ఇంకా అవతల వేప, చింత. ఎండాకాలంలో సీతాఫలం ఆకు రాల్చి మొండిగా నిలబడితే చచ్చిపోయిందని ఎవరూ దిగులు పడేవాళ్ళు కాదు. అది తన నీటి ఖర్చు తాను తగ్గించుకుంటోందని తెలుసు.

రాలిన ఆకు ఊడ్చి కాల్చేవాళ్ళు కాదు. పాదుల్లో పరిచి పైన గరుసు చల్లితే నేల బీటలు వారదు. కొత్తగా నాటిన మొక్క పక్కన పాత కుండ ఒకటి మెడదాకా పాతిపెట్టి, నింపి, మూత వేసేవాళ్ళు. మట్టి ఎండినకొద్దీ కుండ గోడలోంచి తేమ ఊరుతుంది. రెండు మూడు రోజులకు ఒకసారి నింపితే సరిపోయేది.

ఇదంతా విని మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్ళో అని మురిసిపోవడం సులువే. కానీ ఆ పొదుపు ఎక్కడ పుట్టిందో కూడా చెప్పుకోవాలి. అది బిందె బరువులోంచి పుట్టింది. పదిహేను లీటర్ల బిందె నిండితే పదిహేను కిలోల పైమాట. నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని ఇంటి ఆడవాళ్ళు రోజుకు ఎన్నిసార్లు తిరిగారో లెక్క పెట్టినవాళ్ళు లేరు. అదీ ఊరబావిలో చేద వేసే హక్కు ఉన్న ఇళ్ళ మాట. ఆ హక్కు లేని కులాలవాళ్ళు ఎవరైనా పోసేదాకా ఖాళీ కుండలతో కాచుకోవలసి వచ్చేది. మోసిన నీళ్ళను ఎవరూ పారబోయరు. పెరటిలో ఏ చెట్టు ఎక్కడ ఉండాలో నిర్ణయించింది ఆ మోతే.

కంచె కథ వేరు. నాగజెముడు, కిత్తనార మన కంచెల్లో ఎప్పట్నుంచో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఆ తర్వాత వచ్చింది సర్కారు తుమ్మ. వంటచెరుకు కోసం మద్రాసు అటవీశాఖ 1877 ప్రాంతంలో దాన్ని మన పొరుగున కడప సీమలో నాటించింది. చుక్క నీళ్ళు పోయకపోయినా పెరిగింది, పొలాల్లోకీ చెరువుల్లోకీ పాకింది. కన్నడంలో దాని పేరే బళ్ళారి జాలి. మన ఊరి పేరు మోసే ఆ చెట్టు నేర్పే పాఠం ఒకటుంది: ఎండకు తట్టుకోవడం ఒక్కటే గుణం కాదు, పక్క చెట్టును బతకనివ్వాలి.

ఇంటికి కొళాయి వచ్చాక నెత్తి మీద బరువు దిగింది. అది మంచికే జరిగింది, ఆ రోజులు మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. అయితే బరువుతోపాటు లెక్క కూడా పోయింది. కాలువ పూడ్చి బచ్చలి నీళ్ళు మోరీలోకి మళ్ళించాం. ముందు పక్క బంగళాల తీరులో పచ్చిక వేశాం. మన ఎండల్లో పచ్చిక చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు తాగుతుంది. బోరు ఎండిపోయాక పచ్చిక తీసేసి బండలు పరిచాం. ఇప్పుడు వాన పడితే చుక్క ఇంకదు, ఎండకు వాకిలి పెనంలా కాలుతుంది.

1981లో అమెరికాలోని డెన్వర్ నీటి సంస్థ కరువు ప్రాంతపు తోటలకు జెరిస్కేప్ అని పేరు పెట్టింది. ఒకే దాహం ఉన్న మొక్కల్ని ఒకచోట చేర్చడం, మట్టి మీద ఆకో గులకరాయో కప్పడం, పచ్చిక తగ్గించడం అందులో ముఖ్య సూత్రాలు. అరిజోనాలోనో కొలరాడోలోనో ఉన్న మన పిల్లలు వీటిని అక్కడ నేర్చుకుంటున్నారు. వాళ్ళ ముత్తవ్వ పెరడూ ఈ పద్ధతిలోనే ఉండేదని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా పాతింటి పెరడు పంపకానికి వచ్చింది. చూసుకునే మనిషి లేడు కాబట్టి మొత్తం కాంక్రీటు పోసేద్దామని కొందరి మాట. నా లెక్క ఇది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. ఏడాది వాన 500 మిల్లీమీటర్లయితే 46 వేల లీటర్ల పైన. కారినవీ ఆవిరైనవీ తీసేసినా 35 వేలకు తగ్గవు. మిద్దె గొట్టాన్ని ఒక ఇంకుడు గుంతకూ, స్నానాల నీళ్ళను పాత కాలువ జాడలో అరటికీ మళ్ళిస్తే చాలు. వేప, సీతాఫలం, మునగ, దానిమ్మ వేరు పట్టేదాకా రెండు ఎండాకాలాలు కాస్తే, ఆ తర్వాత వాటంతట అవే నెగ్గుకొస్తాయి. మోయడానికి గొట్టాలు ఉన్నాయి, ఎవరి నెత్తీ అక్కర్లేదు.

కారు నిలపడానికి ఒక మూల బండలు వేసుకోండి, నేను కాదనను. మిగిలిన నేలను మట్టిగానే ఉంచుదాం. మృగశిర కార్తె లోపల గుంత తవ్వడం అయిపోవాలి.